కొత్త కారుకు చక్రాల సైజు ఎంపిక, ప్రయాణ సుఖం: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు కొనేటప్పుడు రంగు గురించీ సన్‌రూఫ్ గురించీ ఇంటిల్లిపాదీ చర్చించుకుంటారు. చక్రాల సైజు మాత్రం ఎంచుకున్న వేరియంట్‌తో పాటు దానంతటదే ఇంటికి వచ్చేస్తుంది. డెలివరీ తీసుకున్న కొన్నాళ్లకు ఏలూరు రోడ్డు మీదో బ్రాడీపేట అడ్డరోడ్లలోనో బండి ఎగిరెగిరి పడుతున్నప్పుడు, టెస్ట్ డ్రైవ్‌లో ఇంత కుదుపు తెలియలేదే అన్న అనుమానం మొదలవుతుంది. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో కొత్త కారు కొనబోయేవారు ఈ విషయమై తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు కింద ఉన్నాయి.

ప్రశ్న: చక్రం సైజు మారితే ప్రయాణ సుఖం ఎందుకు మారుతుంది?

రోడ్డుకూ కూర్చున్న మనిషికీ మధ్య కుదుపును మింగేవి మూడే మూడు: గాలి నిండిన టైరు, స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ కలిసిన సస్పెన్షన్, ఆఖరున సీటు. వీటిలో దెబ్బను ముందుగా కాచుకునేది టైరే. రిమ్ము అంచు నుంచి రోడ్డు తాకే భాగం వరకు ఉండే టైరు పక్క గోడను సైడ్‌వాల్ అంటారు. అది ఎంత ఎత్తుగా ఉంటే అంతగా వంగి లేచి, చిన్న చిన్న గతుకులను సస్పెన్షన్ దాకా పోనివ్వకుండా తానే సర్దుకుంటుంది.

ఫెండరు (చక్రాన్ని కప్పే బాడీ రేకు) కింద ఉన్న జాగా ఎంతో అంతే కాబట్టి, చక్రం బయటి వ్యాసాన్ని కంపెనీ ఇష్టం వచ్చినట్టు పెంచలేదు. బయటి వ్యాసం మారకుండా రిమ్ము ఒక అంగుళం పెరిగితే, అంటే 25.4 మి.మీ. పెరిగితే, అందులో సగం, 12.7 మి.మీ., సైడ్‌వాల్ నుంచి తరిగిపోతుంది. చూపుకు నిండుగా కనిపించే పెద్ద అలాయ్ చక్రం సుఖాన్ని తగ్గించేది ఇక్కడే. కుదుపుకు కారణం రిమ్ము పెద్దది కావడం కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరూ గాలీ తగ్గడం.

ప్రశ్న: టైరు మీద ఉండే అంకెలను ఎలా చదవాలి?

టైరు పక్కన 205/65 ఆర్ 16 అని ఉందనుకోండి. 205 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అనేది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్. 16 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. వెడల్పును శాతంతో గుణిస్తే సైడ్‌వాల్ ఎత్తు వస్తుంది: 205లో 65 శాతం అంటే సుమారు 133 మి.మీ. ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే చాలు, బ్రోచర్‌లో మిగతా పొగడ్తలేవీ చదవనక్కరలేదు.

షోరూమ్‌లో పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి కొలిచి, లెక్క తప్పిందేమోనని కంగారు పడవద్దు. రిమ్ము అంచు సైడ్‌వాల్‌లో కొంత భాగాన్ని కప్పేస్తుంది కనుక, కంటికి కనిపించే ఎత్తు లెక్కలో వచ్చిన దానికంటే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దాకా తక్కువగా ఉంటుంది. నేలకు ఆనిన చోట బండి బరువుకు అణిగి ఉంటుంది కనుక, కొలిచేటప్పుడు చక్రం పైభాగంలోనే కొలవాలి.

ప్రశ్న: అయితే ఎన్ని అంగుళాల చక్రం మంచిదో ఒక్క మాటలో చెప్పవచ్చు కదా?

చెప్పలేము. అంగుళాలు చూసి నిర్ణయించడమే ఈ విషయంలో అందరూ పడే పొరపాటు. మారుతి స్విఫ్ట్ కింది వేరియంట్లకు 165/80 ఆర్ 14 టైరు వస్తుంది. దాని సైడ్‌వాల్ 132 మి.మీ. టాటా హారియర్‌కు వచ్చే 235/60 ఆర్ 18 టైరు రిమ్ము ఏకంగా నాలుగు అంగుళాలు పెద్దది, అయినా దాని సైడ్‌వాల్ 141 మి.మీ. కాబట్టి 18 అంగుళాలు అనగానే గట్టిగా ఉంటుందనీ, 14 అంగుళాలు అనగానే మెత్తగా ఉంటుందనీ అనుకోవడానికి వీల్లేదు.

ఇంకొక ఉదాహరణ టాటా నెక్సాన్. దానికి 195/60 ఆర్ 16, 215/60 ఆర్ 16 అని రెండు సైజులు ఉన్నాయి. రిమ్ము రెండింటికీ 16 అంగుళాలే. సైడ్‌వాల్ మాత్రం మొదటిదానికి 117 మి.మీ., రెండవదానికి 129 మి.మీ. ఇక్కడ పెద్ద టైరు ఉన్నదానికే రబ్బరు ఎక్కువ. అంగుళాల లెక్క మాత్రమే చూసేవారికి ఈ తేడా కంటపడదు.

ప్రశ్న: ఒకే కారులో కింది వేరియంట్‌కూ పై వేరియంట్‌కూ మధ్య తేడా నిజంగా తెలుస్తుందా?

కారును బట్టి ఉంటుంది. హ్యుందాయ్ క్రెటాలో 205/65 ఆర్ 16కు 133 మి.మీ. సైడ్‌వాల్ ఉంటే, 215/60 ఆర్ 17కు 129 మి.మీ. ఉంది. రిమ్ము ఒక అంగుళం పెరిగినా కంపెనీ చక్రం బయటి వ్యాసాన్ని కూడా సుమారు 17 మి.మీ. పెంచింది కనుక, సైడ్‌వాల్‌లో పోయింది నాలుగు మిల్లీమీటర్లే. ఈ కారులో చక్రం సైజు కోసం వేరియంట్ మార్చుకోవడం నా దృష్టిలో అనవసరం.

మారుతి బాలెనో కథ వేరు. 185/65 ఆర్ 15 టైరుకు 120 మి.మీ., 195/55 ఆర్ 16 టైరుకు 107 మి.మీ. రెండు చక్రాల బయటి వ్యాసమూ దాదాపు ఒక్కటే, 621 మి.మీ. దగ్గర. అంటే పెరిగిన అంగుళమంతా సైడ్‌వాల్ నుంచే కోసి తీసుకున్నారు. హోండా సిటీలో 185/60 ఆర్ 15కు 111 మి.మీ., 185/55 ఆర్ 16కు 102 మి.మీ. హారియర్‌లో 235/65 ఆర్ 17కు 153 మి.మీ. ఉంటే, 245/55 ఆర్ 19కు 135 మి.మీ. మాత్రమే.

ఐదు మిల్లీమీటర్ల లోపు తేడాను పట్టించుకోనక్కరలేదు, పది దాటితే మాత్రం రెండు వేరియంట్లనూ విడివిడిగా నడిపి చూడకుండా బుక్ చేయవద్దు అన్నది నేను పాటించే లెక్క. అసలే తక్కువ సైడ్‌వాల్ ఉన్న చిన్న కారులో పది మిల్లీమీటర్లు పోవడం, 150 మి.మీ. ఉన్న పెద్ద బండిలో పోవడం కంటే ఎక్కువగా తెలుస్తుంది. కంపెనీలు మోడల్‌ను సవరించినప్పుడల్లా సైజులు మారుతూ ఉంటాయి కాబట్టి, మీరు తీసుకోబోయే వేరియంట్ సైజును బుకింగ్ నాటి బ్రోచర్‌లో మరొకసారి సరిచూసుకోవాలి.

ప్రశ్న: విజయవాడ, గుంటూరు రోడ్లకు ఎలాంటి చక్రం నప్పుతుంది?

రోడ్డు బాగుందా బాగాలేదా అన్నదాని కంటే, అది ఏ రకంగా బాగాలేదన్నది ముఖ్యం. కుదుపులు రెండు రకాలు. పొట్టిగా, పదునుగా తగిలేవి ఒక రకం. బండిని నెమ్మదిగా పైకెత్తి కిందకు దించేవి మరో రకం. మొదటి రకాన్ని కాచేది ప్రధానంగా టైరు, రెండవ రకాన్ని కాచేది సస్పెన్షన్.

విజయవాడ నగరంలో మొదటి రకమే ఎక్కువ. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదా, 2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ మీదా శ్లాబుకూ శ్లాబుకూ మధ్య ఉండే జాయింట్లు, బందరు రోడ్డులో తారు వేసిన ప్రతిసారీ రోడ్డు కంటే లోతుగా మిగిలిపోయే మ్యాన్‌హోల్ మూతలు, పైపుల కోసం తవ్వి పూడ్చిన అడ్డగీతలు, బడుల ముందు వరుసగా వేసే తెల్లని రంబుల్ పట్టీలు, ఇవన్నీ సైడ్‌వాల్‌కే పరీక్ష. పొట్టి సైడ్‌వాల్ ఉన్న కారులో ఫ్లైఓవర్ జాయింటు దాటిన ప్రతిసారీ టప్ టప్‌మనే శబ్దం స్టీరింగులోనే తెలుస్తుంది. ఎత్తు సైడ్‌వాల్ ఉన్న కారులో అదే జాయింటు మెత్తగా దాటిపోతుంది.

గుంటూరు నుంచి తాడికొండ, అమరావతి వైపు వెళ్లేవారి ఇబ్బంది రెండవ రకం. అక్కడిది నల్లరేగడి నేల. వానాకాలంలో నీరు పీల్చుకుని ఉబ్బి, ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోయి నెర్రెలిచ్చే ఆ నేల మీద వేసిన రోడ్డు, పైన తారు చెక్కుచెదరకున్నా, కొన్నాళ్లకు అలలు అలలుగా తయారవుతుంది. గుంత ఒక్కటీ కనిపించదు కానీ వెనక సీట్లో వాళ్లు మాత్రం ఊగిపోతుంటారు. ఈ ఊపుకు చక్రం సైజు తగ్గించి ప్రయోజనం లేదు; షాక్ అబ్జార్బర్లు బాగా అదుపు చేసే కారునే ఎంచుకోవాలి. ఆ దారిలో రోజూ తిరిగేవారు చిన్న చక్రాల వేరియంట్ కొని, ఇంకా ఊగుతోందేమిటని షోరూమ్ వారితో వాదనకు దిగడం వృథా.

డెల్టా వైపు, అంటే తెనాలి, రేపల్లె, అవనిగడ్డ దారుల్లో, కాలువగట్ల మీది ఇరుకు రోడ్లది ఇంకొక సమస్య. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే చక్రాలు తారు దిగి మట్టిలోకి పోవలసిందే, తిరిగి విరిగిన తారు అంచు ఎక్కవలసిందే. ఆ అంచు సైడ్‌వాల్‌నూ రిమ్మునూ కలిపి నొక్కుతుంది. ఇటువంటి దారిలో తరచుగా తిరిగేవారికి ఎత్తు సైడ్‌వాల్ సుఖానికే కాదు, టైరు ప్రాణానికి కూడా అవసరం.

స్పీడ్ బ్రేకర్ల సంగతి కూడా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో ఒంపుగా ఉండాలి. మన కాలనీల్లో ఇంటివారు సిమెంటు కలిపి రాత్రికి రాత్రి పోసుకునే గట్లకు ఆ ప్రమాణంతో సంబంధం లేదు; వాటి మీద ఏ చక్రమైనా ఒకటే.

ప్రశ్న: పెద్ద చక్రం గుంతలను సులువుగా దాటుతుందని అంటారు. అది నిజం కాదా?

నిజమే, కానీ ఆ మాట చక్రం మొత్తం వ్యాసానికి వర్తిస్తుంది, రిమ్ము వ్యాసానికి కాదు. బయటి వ్యాసం పెద్దదైతే గుంతలోకి తక్కువగా దిగుతుంది, అంచును తక్కువ కోణంలో తాకుతుంది. 740 మి.మీ. చక్రాలున్న హారియర్ ఒక గుంతను దాటే తీరు, 620 మి.మీ. చక్రాలున్న స్విఫ్ట్ దాటే తీరు వేరు కావడానికి ఇదొక కారణం. ఒకే కారులో వేరియంట్లు పోల్చినప్పుడు మాత్రం బయటి వ్యాసం చాలాసార్లు మారదు, మారినా కొంచెమే. అందువల్ల సేల్స్‌మన్ ఈ మాట చెప్పి పై వేరియంట్ అంటగట్టబోతే, రెండింటి బయటి వ్యాసం ఎంతో అడగండి.

ప్రశ్న: అలాయ్ చక్రాలు తేలిక కాబట్టి సుఖం పెరుగుతుందా?

స్ప్రింగులకు కింద ఉన్న బరువు, అంటే చక్రం, టైరు, బ్రేకు వంటివి, ఎంత తక్కువైతే సస్పెన్షన్ అంత త్వరగా రోడ్డుకు తగినట్టు కదులుతుంది. సూత్రం అంతవరకు సరైనదే. అయితే ఒకే సైజులో స్టీలు చక్రంతో పోల్చినప్పుడు అలాయ్ చక్రం తేలిక కావచ్చు గానీ, 15 అంగుళాల స్టీలు చక్రంతో పోల్చినప్పుడు 17 అంగుళాల అలాయ్, దానికి తగిన వెడల్పు టైరుతో కలిపి, బరువే కావచ్చు. వెండిలా మెరుస్తోంది కాబట్టి తేలిక అనుకోవద్దు.

మన రోడ్ల మీద ఇంకొక తేడా ఉంది. గట్టి దెబ్బ తగిలితే స్టీలు రిమ్ము సొట్టపడుతుంది, సుత్తితో కొట్టి సరిచేయవచ్చు. అలాయ్ రిమ్ము వంగవచ్చు, పగలనూ వచ్చు. తరచుగా వంగేది లోపలి అంచు. బయట నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. వారానికొకసారి ఒక్క టైరులోనే గాలి తగ్గిపోతూ, పంక్చరు షాపులో వెతికితే మేకు దొరకకపోతే, చక్రం విప్పి రిమ్ముకూ టైరుకూ మధ్య అంచు వెంట సబ్బు నీళ్లు పోయించండి. బుడగలు వచ్చిన చోటే వంపు ఉంటుంది. అలాగే గుంతలో పడిన తరువాత సైడ్‌వాల్ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగిపోయాయని అర్థం. దానికి ప్యాచి పనికిరాదు, టైరు మార్చవలసిందే. ఈ రెండు నష్టాలూ పొట్టి సైడ్‌వాల్ టైర్లకే ఎక్కువగా జరుగుతాయి.

ప్రశ్న: టైర్లలో గాలి ఎంత పెట్టించాలి? దానికీ సుఖానికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. టైరు గట్టిదనంలో ఎక్కువ వాటా గాలిదే. కంపెనీ 33 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) చెప్పిన చోట 40 ఉంటే, ఎంత ఎత్తు సైడ్‌వాల్ ఉన్న టైరైనా కర్రలా ఉంటుంది. చక్రాల సైజును నిందించే ముందు గాలి చూపించుకోవడం మేలు.

ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద అంటించిన పట్టిక చెబుతుంది. అందులో తక్కువ మందికి ఒక అంకె, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు మరొక అంకె ఉంటాయి. ఒక్కరే ఆఫీసుకు వెళ్లివచ్చేవారు నిండు బరువు అంకె ప్రకారం గాలి పెట్టించుకుని నడుము నొప్పి అనడం తరచుగా చూస్తున్నదే. సైడ్‌వాల్ మీద అచ్చువేసిన గరిష్ఠ పీడనం అంకె టైరు తట్టుకునే హద్దు. మీరు పెట్టించవలసినది అది కాదు.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే ఉదయం బండి తీయగానే దగ్గరలోని బంకులో చూపించాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెలలో విజయవాడ ఎండకు నిలబెట్టి, ఆపైన హైవే మీద నడిపిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కనిపించడం సహజం; దాన్ని చూసి గాలి తీసేయించకూడదు. ఎండాకాలం కదా అని ముందే తగ్గించి పెట్టించడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగి ఎక్కువగా వేడెక్కుతుంది. నైట్రోజన్ పెట్టిస్తే మెత్తబడుతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్‌లో ఈ తేడాను ఎలా పసిగట్టాలి?

షోరూమ్ వారు తీసుకెళ్లే దారి దాదాపు ఎప్పుడూ నున్నటి సర్వీసు రోడ్డే. మీ ఇంటి వీధికి తీసుకెళ్లమని అడగండి. కాదనే షోరూమ్ అరుదు. బయలుదేరే ముందు మూడు సంగతులు చూడాలి. టెస్ట్ డ్రైవ్ కారు చక్రాల సైజు మీరు కొనబోయే వేరియంట్‌దేనా? సాధారణంగా టాప్ మోడల్‌నే టెస్ట్ డ్రైవ్‌కు ఉంచుతారు. టైరు కంపెనీ అదేనా? గాలి పట్టికలో ఉన్నంతే ఉందా? ఫ్యాక్టరీ నుంచి ట్రక్కుల మీద వచ్చే కార్లలో, యార్డులో రోజుల తరబడి నిలిచే కార్లలో, టైర్లు అణిగిపోకుండా గాలి ఎక్కువగా పెట్టే అలవాటు ఉంది. దాన్ని సరిచేయకుండానే టెస్ట్ డ్రైవ్‌కు ఇస్తే మంచి కారు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

నడిపేటప్పుడు పాటలు ఆపేయండి. 20 నుంచి 30 కి.మీ. వేగంలో, చెడిపోయిన రోడ్డు మీద నిదానంగా వెళ్లండి. పొట్టి సైడ్‌వాల్ లోపం ఆ వేగంలోనే బయటపడుతుంది. 80 దాటాక చాలా కార్లు బాగానే ఉంటాయి. ఒకసారి నడిపి, ఒకసారి వెనక కూర్చోండి. స్టీరింగు పట్టుకున్నవారికి రాబోయే గతుకు ముందే కనిపిస్తుంది కనుక ఒళ్లు సిద్ధమై ఉంటుంది. వెనకవారికి ఆ అవకాశం లేదు.

ప్రశ్న: ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు, ఎక్కువగా వెనక సీట్లోనే కూర్చుంటారు. ఏం చూడాలి?

మన దగ్గర అమ్ముడయ్యే చిన్న, మధ్యతరహా కార్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలనూ కలిపే టోర్షన్ బీమ్ సస్పెన్షన్ ఉంటుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండవ వైపుకూ కొంత కదలిక వెళుతుంది. పైగా వెనక స్ప్రింగులను డిక్కీ నిండా సామాను ఉన్నప్పటి బరువుకు కూడా సరిపోయేలా పెడతారు కాబట్టి, ఇద్దరే కూర్చుంటే గట్టిగా అనిపిస్తాయి. అటువంటి కారులో టైరు దగ్గర కూడా మెత్తదనం తగ్గించుకోవడం తెలివైన పని కాదు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులో, నాన్నగారికి నడుము ఆపరేషన్ జరిగి ఉండడమో అయితే, ఎత్తు సైడ్‌వాల్ వేరియంట్ వైపే మొగ్గండి. టెస్ట్ డ్రైవ్‌కు వారినే తీసుకెళ్లి వెనక కూర్చోబెట్టండి.

ప్రశ్న: టాప్ మోడల్ సదుపాయాలు కావాలి, కానీ చక్రాలు చిన్నవి కావాలి. వీలవుతుందా?

మన దేశంలో చాలా కంపెనీలు చక్రాన్ని వేరియంట్‌కు ముడిపెడతాయి, విడిగా ఎంచుకోనివ్వవు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు అనేక కార్లలో కింది వేరియంట్ నుంచే వస్తున్నాయి కనుక, మీకు నిజంగా కావలసిన సదుపాయాలు మధ్య వేరియంట్‌లో దొరుకుతాయేమో ముందుగా చూడండి. సుఖం కోరేవారికి చాలా మోడళ్లలో మధ్య వేరియంటే సరైన ఎంపికని నా అభిప్రాయం.

టాప్ మోడలే కొని చక్రాలు మార్చుకోవాలంటే, అదే మోడల్‌కు అదే ఇంజిన్‌తో కంపెనీ స్వయంగా ఇచ్చే చిన్న సైజుకు మాత్రమే మారండి. పై వేరియంట్‌కు ముందు డిస్కు బ్రేకులు పెద్దవి కావచ్చు, వెనక కూడా డిస్కులు ఉండవచ్చు. చిన్న రిమ్ము ఆ బ్రేకు కాలిపర్‌కు, అంటే డిస్కును పట్టుకునే భాగానికి, తగలవచ్చు. టైరులో గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లు ఉంటే వాటిని కొత్త రిమ్ములకు మార్పించుకోవాలి. ఈ మార్పు గురించి సర్వీసు సెంటరు నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం మంచిది, నోటిమాట వారంటీ దగ్గర నిలవదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో బయటి అలాయ్‌లు వేయించి చక్రాలు పెంచుకోవచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని రిమ్ము ఉండదు, బిగించలేని మెకానిక్కూ ఉండడు. అయినా సుఖం కోరేవారికి నా సమాధానం వద్దనే. ముఖ్యంగా కొత్త కారుకు.

రిమ్ము సరిపోవాలంటే బోల్టుల సంఖ్యా వాటి వృత్తం వ్యాసమూ కుదిరితే చాలదు. స్విఫ్ట్‌కు 100 మి.మీ. వృత్తం మీద నాలుగు, క్రెటాకు 114.3 మి.మీ. వృత్తం మీద ఐదు అన్నంతవరకు షాపువారు చూస్తారు. మధ్య రంధ్రం హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) మీద బిగుతుగా కూర్చుంటుందా, రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి గీత నుంచి దాన్ని బిగించే ముఖం ఎంత దూరంలో ఉందన్న కొలత, ఒరిజినల్‌తో సమానంగా ఉందా అన్నవి చాలామంది చూడరు. మధ్య రంధ్రం వదులైతే స్టీరింగు వణుకుతుంది; ఆఫ్‌సెట్ తేడా వస్తే చక్రం బయటికి పొడుచుకువచ్చి, బేరింగుల మీద భారం పెరిగి, స్టీరింగు బరువు మారుతుంది. టైరు మోయగల బరువును చెప్పే అంకె కూడా ఒరిజినల్ కంటే తగ్గకూడదు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 94 అంటే 670 కిలోలు.

బయటి వ్యాసం మారితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, మలుపుల్లో టైరు ఫెండరు లోపలి ప్లాస్టిక్‌ను రాసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా అయ్యేలా వాహనాన్ని మార్చరాదంటుంది. బీమా సంస్థకు తెలియజేయని మార్పు క్లెయిము సమయంలో వివాదం కావచ్చు. ఇంత చేసి దక్కేది అందం. పోయేది ఒరిజినల్ సైడ్‌వాల్.

ప్రశ్న: నేను ఎక్కువగా హైవే మీదే తిరుగుతాను. అప్పుడు కూడా ఇదే సలహానా?

కాదు. గుంటూరు నుంచి విజయవాడకు 16వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ వెళ్లివచ్చేవారు, 65వ నంబరు రహదారి మీద హైదరాబాదుకు తరచుగా వెళ్లేవారు పొట్టి సైడ్‌వాల్ లోపాన్ని తక్కువగానూ, దాని లాభాన్ని ఎక్కువగానూ చూస్తారు. వేగంలో లేన్ మారేటప్పుడు పొట్టి సైడ్‌వాల్ తక్కువగా పక్కకు వంగుతుంది, స్టీరింగుకు బండి వెంటనే పలుకుతుంది. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద పట్టు పెంచుతుంది. అయితే నిలిచిన వాననీటి మీద వేగంగా వెళితే వెడల్పు టైరే ముందుగా తేలుతుంది కనుక, వానలో వేగం తగ్గించుకోవాలి. రోజూ హైవే ఎక్కేవారికి క్రెటా వంటి బండిలో 17 అంగుళాలు సంకోచించకుండా తీసుకోవచ్చు. బాలెనో వంటి చిన్న బండిలో నేనైతే 15 దగ్గరే ఆగుతాను.

ప్రశ్న: హైవే మీద 80 నుంచి 100 వేగంలో స్టీరింగు వణుకుతోంది. చక్రం సైజు వల్లనా?

సాధారణంగా కాదు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. తగ్గకపోతే రిమ్ము వంగిందేమో చూపించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కార్లకు కూడా ఇవే లెక్కలా?

సైడ్‌వాల్ లెక్క అదే, కానీ బ్యాటరీ బరువు తోడవుతుంది. ఆ బరువు మోయడానికి స్ప్రింగులు గట్టిగా పెడతారు, టైర్లలో గాలి కూడా చాలాసార్లు ఎక్కువే చెబుతారు. కొన్నింటికి ఎక్కువ బరువు మోసే, పక్క గోడ గట్టిదైన ఎక్స్‌ఎల్ రకం టైర్లు వస్తాయి. అందుకని ఒకే సైజు టైరు పెట్రోలు కారులో మెత్తగా, ఎలక్ట్రిక్ కారులో గట్టిగా అనిపించవచ్చు. ఇంజిన్ శబ్దం లేకపోవడంతో టైరు రొద మరింత వినిపిస్తుంది. ఒకే మోడల్‌లో రెండు సైజులుంటే, చిన్నదాని వల్ల ఒక చార్జికి వెళ్లే దూరం కూడా సాధారణంగా కొంత ఎక్కువ వస్తుంది.

ప్రశ్న: స్టెప్నీ చిన్న సైజు ఇస్తున్నారు. ఇబ్బంది లేదా?

పై వేరియంట్లలో నాలుగు పెద్ద అలాయ్‌లు ఇచ్చి, స్టెప్నీగా ఒక అంగుళం చిన్న స్టీలు చక్రం ఇవ్వడం మామూలైపోయింది. అది పంక్చరు షాపు దాకా చేరడానికే. దాని మీద రాసి ఉన్న వేగం, చాలావాటిలో గంటకు 80 కి.మీ., దాటకూడదు. గాలి హెచ్చరిక సెన్సర్లూ పంక్చరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో నిబంధనలు సవరించారు. ఆ కిట్టు టైరు రోడ్డు తాకే భాగంలో దిగిన మేకుకు పనికివస్తుంది గానీ, చిరిగిన సైడ్‌వాల్‌కు పనికిరాదు. మాచర్ల వైపో దివిసీమ వైపో రాత్రిపూట ప్రయాణాలు చేసేవారు పూర్తి సైజు స్టెప్నీ ఉన్న వేరియంట్‌కు ఒక మార్కు ఎక్కువ వేయాలి.

ప్రశ్న: మైలేజీ, టైర్ల ఖర్చు సంగతి?

పెద్ద, వెడల్పు చక్రం బరువు, రాపిడి రెండూ పెంచుతుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అసలు జేబుకు చిల్లు పడేది టైర్లు అరిగాక. పెద్ద సైజు టైరు ఖరీదు ఎక్కువ, దొరికే కంపెనీలు తక్కువ. కారు బుక్ చేయకముందే ఏదైనా టైర్ల షాపులో రెండు సైజుల ధరలూ అడిగి, నాలుగుతో గుణించుకోండి.

ప్రశ్న: ఇప్పటికే పెద్ద చక్రాల కారు కొనేశాను. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

ముందు గాలి పట్టిక ప్రకారం సరిచేయించండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. కొత్త సస్పెన్షన్ కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక కొద్దిగా సాగి మెత్తబడుతుంది కనుక, మొదటి నెలలోనే తీర్పు చెప్పకండి. టైర్లు అరిగి మార్చే సమయం వచ్చినప్పుడు అదే సైజులో సుఖానికీ తక్కువ శబ్దానికీ ఉద్దేశించిన రకాన్ని ఎంచుకోండి. ఒకే కొలత ఉన్న రెండు కంపెనీల టైర్లలో రబ్బరు మెత్తదనం, పక్క గోడ నిర్మాణం వేరుగా ఉంటాయి. ఆ తేడా ఒక్కోసారి అర అంగుళం రిమ్ము తేడాకు తీసిపోదు.

ప్రశ్న: డెలివరీ రోజున చక్రాల దగ్గర ఏమేం చూసుకోవాలి?

నాలుగు టైర్ల సైజూ బ్రోచర్‌తో సరిపోలాలి, నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావాలి. ప్రతి టైరు పక్కన నాలుగు అంకెల తయారీ గుర్తు ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారం. కారు తయారైన నెలకు అది దగ్గరగా ఉండాలి. స్టెప్నీని కూడా బయటికి తీయించి చూడండి, దానిలో గాలి చూపించండి. అలాయ్ అంచుల వెంట వేలు పోనిచ్చి గీతలున్నాయేమో చూడండి. యార్డులో ఫుట్‌పాత్ అంచుకు రాసుకున్న గీత ఆ రోజే చెబితే షోరూమ్ బాధ్యత, మరునాడు చెబితే మీ బాధ్యత. చివరగా, దుర్గ గుడి దగ్గర వాహన పూజకు నిమ్మకాయలు తొక్కించడానికి వెళ్లే ముందే, అక్కడే షోరూమ్‌లో గాలి పట్టిక ప్రకారం సరిచేయించి బయలుదేరండి.